‘నాకింకా తెలియదు’: ఒక సంవాదము

పదవ తరగతి ఫలితములు వెలువడు దినములలో తెలుగునాట మధ్యతరగతి గృహములలో జరుగు సంభాషణములను శ్రద్ధగా ఆలకించినవారికి ఒక దృశ్యము తప్పక కంటబడును: పదునైదేండ్ల బిడ్డ భవిష్యత్తును గూర్చి తండ్రియు, పినతండ్రియు, పొరుగింటి ఇంజనీరుగారును గంటలకొలది మాటలాడుచుందురు; ఆ బిడ్డ మాత్రము తలుపుప్రక్కన నిలిచి, ఎవరైన తనవైపు చూచినప్పుడు తల యూపి, తనను గూర్చిన తీర్పును మారుపలుకక వినుచుండును. బాల్యము గడచిపోయినది, పెద్దరికము ఇంకను రాలేదు. ఆ నడిమి యేండ్లలో మనుష్యుడు మొట్టమొదట ‘నేనెవరిని? నాకేమి కావలెను?’ అని తన్ను తాను అడిగికొనును. ఆ ప్రశ్నకు సమాధానము ఎవరు చెప్పవలెను, ఎప్పుడు చెప్పవలెను అను విషయమును గూర్చి, నాకు మిక్కిలి గౌరవపాత్రులైన ఇరువురి నడుమ మొన్నటి వేసవిలో కోనసీమలోని ఒక పెంకుటింటి వసారాలో జరిగిన వాదమును సాధ్యమైనంతవరకు వారి మాటలలోనే ఇచట పొందుపరచుచున్నాను.

ఒకరు మేనమామ. ముప్పదియేండ్లకు పైగా జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలలలో తెలుగు బోధించి, ప్రధానోపాధ్యాయులై విశ్రాంతి పొంది, ఇప్పుడు కొబ్బరితోటను చూచుకొనుచున్నవారు. వేరొకరు ఆయన మేనకోడలు. మనస్తత్వశాస్త్రము చదివి, విజయవాడలో ఇంటర్మీడియటు విద్యార్థుల కష్టములు విని సలహా చెప్పు ఉద్యోగములోనున్నది. ఆమె కుమారుడు ఆ యేడు పదవ తరగతిలో మంచి మార్కులతో ఉత్తీర్ణుడయ్యెను. ఎంపీసీయా, బైపీసీయా అని చుట్టములెల్లరు అడుగగా అతడు ‘నాకింకా తెలియదు’ అని మాత్రము చెప్పి ఊరకుండెను. ఆ మాటయే ఈ వాదమునకు మూలము.

మేనమామ: అమ్మాయీ, నీ కొడుకు తెలివిగలవాడు, కాదనను. కాని ‘తెలియదు’ అని ఒక మాట చెప్పి మేడమీదికి పోయి ఫోను పట్టుకొని కూర్చున్నవానిని చూచి, ‘పాపము, వాడు తన్ను తాను వెదకికొనుచున్నాడు’ అని నీవు వెనుకవేసికొని వచ్చుట నాకు సమ్మతము కాదు. మా కాలమున పదునారేండ్లవానికి తానెవరో తెలియకపోవుట యనునది లేనేలేదు. తెల్లవారగనే పశువులకు కుడితి పెట్టవలెను; దింపువాండ్రు వచ్చిననాడు చెట్టు చెట్టుకు కాయలు లెక్కపెట్టి పద్దు వ్రాయవలెను; అక్కచెల్లెండ్ర పెండ్లిండ్లలో వడ్డనకు నిలువవలెను; ఊరిలో ఎవరైన పోయినచో పెద్దలతోపాటు శ్మశానమునకు నడువవలెను. తనతో పదిమందికి పనియున్నదని తెలిసినవాడు ‘నేనెవరిని’ అని ఒకరి నడుగడు. ఆ ప్రశ్న ఎవరికిని అక్కరలేనివానికి పుట్టు ప్రశ్న.

మేనకోడలు: మామయ్యా, అడుగుటకు తీరికలేకపోవుట వేరు, సమాధానము తెలిసియుండుట వేరు. మీకు తోటయు ఉండెను, బడియు ఉండెను. మీ తోటలో పాలేరుగా నున్నవాని కొడుకునకు కూడ పదునారవయేట తానెవరో తెలియును, తాను పాలేరునని. ఆ సమాధానమును వానికెవరిచ్చిరి? 1951 జనాభా లెక్కలనాటికి మన దేశమున అక్షరాస్యులు నూటికి పదునెనిమిదిమందియే. తక్కినవారిలో ఎక్కువమందికి తామెవరో పుట్టుకయే చెప్పివేసినది. ఆడుపిల్లల సంగతి చెప్పనక్కరలేదు. పెద్దమనిషియైన నెలలోనే బడి మాన్పించి, ఆమె ఏ యింటి కోడలో, ఏ వంటయింటి దీపమో పెద్దలందరు కూర్చుండి నిశ్చయించిరి. ఆమెను తప్ప అందరిని అడిగిరి. మా అమ్మమ్మ, అనగా మీ అమ్మగారు, ఎంత చదువవలసిన మనిషియో మీరెరుగుదురు. ఆ నిశ్చింతను తలచుకొని నేను సంతోషింపలేను.

మేనమామ: మా అమ్మమాట తెచ్చితివి. ఆ అన్యాయమును నేను సమర్థింపను. సమర్థించినవాడనైనచో ముప్పదియేండ్లు ఆడుపిల్లల తండ్రుల యిండ్లకు పోయి ‘బడి మాన్పింపవద్దు’ అని బతిమాలియుండను. నేను చెప్పునది పుట్టుకను గూర్చి కాదు, పనిని గూర్చి. నారు ఇరువదియైదు, ముప్పది దినములది కాగానే పీకి పొలములో నాటవలెను. జాలిపడి నారుమడిలోనే ముదురనిచ్చినచో, ఆపైన ఎంత ఎరువు వేసినను పిలకలు సరిగా వేయదు. మీరు పిల్లలను పాతికయేండ్లు వచ్చువరకు నారుమడిలో ఉంచుచున్నారు. పదునారేండ్లవాడు కరెంటుబిల్లు కట్టి యెరుగడు, బ్యాంకులో చలానా నింపి యెరుగడు, చావింట అడుగుపెట్టి యెరుగడు. జ్వరముతో పడుకొన్న తల్లికి గంజి కాచి యియ్యలేడు. ‘చదువుకొనుచున్నాడు, వానికేల పనులు’ అందురు. ఇట్టివానికి ఆత్మజ్ఞానము ఎచటినుండి వచ్చును?

మేనకోడలు: నారు ఏ వంగడమో విత్తనముననే తేలిపోయినది, మామయ్యా. స్వర్ణ చల్లినవాడు సాంబమసూరి కోయడు. మనుష్యుని విషయములో ఆ తేలుటయే జరుగవలసియున్నది. అది తేలుటకే ఈ వయస్సు. ఈ విషయమును మాకు నేర్పిన పండితులలో ముఖ్యుడు ఎరిక్ ఎరిక్సన్. ఆయన జీవితమే ఈ ప్రశ్నకు ఉదాహరణము. 1902లో జర్మనీలో పుట్టెను. కన్నతండ్రి ఎవరో ఆయనకు ఎన్నడును తెలియలేదు. పెంచిన తండ్రి యూదుడు, పిల్లల వైద్యుడు. బడిలో తోటిపిల్లలు యూదుడని వెక్కిరించిరి; యూదుల ప్రార్థనామందిరమునకు పోయినచో, పొడుగుగా నీలికన్నులతో నున్నందున పరాయివాడని అచటివారు వెక్కిరించిరి. వైద్యుడు కమ్మని పెంపుడుతండ్రి కోరగా, కాదని చిత్రకారుడనయ్యెదనని బయలుదేరి కొన్నియేండ్లు ఐరోపాలో ఊరూర తిరిగెను. తుదకు వియన్నాలో ఒక చిన్న బడిలో పంతులుగా కుదిరి, అచటనే ఫ్రాయిడు కుమార్తె ఆన్నా వద్ద మనోవిశ్లేషణము నేర్చెను. 1939లో అమెరికా పౌరుడగునప్పుడు ఎరిక్సన్ అను ఇంటిపేరును తనకు తానే పెట్టుకొనెను. విశ్వవిద్యాలయ పట్టము లేకయే హార్వర్డులో ఆచార్యుడయ్యెను. యౌవనారంభమున ప్రతి మనుష్యునికిని కొంత గడువు కావలెననియు, ఆ గడువులో పలువిధములైన పాత్రలను తొడిగి చూచి, తనది కానిదానిని విడిచి, తనదానిని పట్టుకొనవలెననియు, సమాజము ఆ గడువును గౌరవింపవలెననియు ఆయన వ్రాసెను. మనవాడు అడుగుచున్నది ఆ గడువునే.

మేనమామ: కథ బాగుగనే యున్నది, కాని నీవు చెప్పినదానిలోనే నా పక్షము కూడ నున్నది, చూచితివా? ఊరూర తిరిగిన యేండ్లలో ఆయనకేమి దొరికెను? ఏమియు దొరకలేదు. ఒక బడిలో పంతులుపని దొరికెను; పదిమంది పిల్లలు ఎదుట కూర్చుండిరి; అప్పుడు తానెవరో తెలిసెను. వెదకినందున పని దొరకలేదు, పని దొరికినందున వెదకుట ఆగినది. ఇంకొక మాట. ఈ కౌమారమను సంక్షోభము మనుష్యజాతికంతకు సహజమని మీవారు చెప్పుదురు. స్టాన్లీ హాల్ అను అమెరికా పండితుడు 1904లో రెండు పెద్ద సంపుటములు వ్రాసి, అది తుఫానుకాలమని ప్రకటించెను. ఆపైన మార్గరెట్ మీడ్ అను ఆమె సమోవా ద్వీపములకు పోయి, అచటి బాలికలకు అట్టి తుఫానేమియు లేదని 1928లో పుస్తకము వ్రాసెను. నేను ఆ పుస్తకమును మా బడి గ్రంథాలయములో చదివితిని. తుఫాను వయస్సులో లేదు, మనము వారిని పెంచు పద్ధతిలో నున్నది.

మేనకోడలు: మీడ్ చెప్పినది అంతయు నిజము కాదని డెరెక్ ఫ్రీమన్ 1983లో వాదించెను, ఆ తగవు నేటికిని తీరలేదు. అయినను ఆమె చెప్పినది నిజమే యనుకొందము. సమోవా బాలికకు అంత శాంతి ఏల కలిగినదో కూడ ఆమెయే వ్రాసినది కదా. ఆ ద్వీపములో ఎన్నుకొనవలసినవి చాల తక్కువ. ఒకే విధమైన జీవితము, ఒకే విధమైన నమ్మకము. అమెరికా బాలిక ఎదుట ఒకదానినొకటి కాదను వందమార్గములు ఉన్నవి. ఆమె కలతకు కారణమదియే. ఇప్పుడు అమలాపురము బాలిక ఎదుట కూడ ఆ వందమార్గములు వచ్చి నిలిచినవి. అవ్వ చెప్పినదొకటి, బడిలో విన్నదొకటి, సినిమాలో చూచినదొకటి, టెక్సాసులోనున్న పెదనాన్న కూతురు ఫోనులో చెప్పినదొకటి. మార్గములను మూసివేసి శాంతిని తెత్తమా? అది మన వశములోనున్న పనియు కాదు, చేయదగిన పనియు కాదు. ఎన్నుకొనుట నేర్పుట యొక్కటే మిగిలినది.

మేనమామ: నేర్పుము. కాని నేర్పుట ఉపన్యాసములవలన జరుగదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చరిత్ర నీకు తెలియనిది కాదు. 1909లో రాజమహేంద్రవరమున పుట్టెను. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఆమెకు పదునాలుగేండ్లు. ఖద్దరు ప్రదర్శనమునకు వాలంటీరుగా ద్వారమువద్ద నిలిపి, టిక్కెట్టు లేనివారిని రానీయవద్దని చెప్పిరి. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చెను. చేత టిక్కెట్టు లేదు. ఆ పిల్ల రానీయలేదు. పెద్దలు పరుగెత్తివచ్చి టిక్కెట్టు కొనియిచ్చిన తరువాతనే ఆయన లోపలికి పోయెను. ఆమె కర్తవ్యనిష్ఠను మెచ్చుకొనెను. ఆ పిల్లను అంత స్థిరముగ నిలిపినదేమి? గడువా? కాదు. పెద్దలు నమ్మి అప్పగించిన పని. పదునాలుగేండ్ల పిల్లను నమ్మి ద్వారమప్పగించు పెద్దలు నేడెక్కడ నున్నారు? పరీక్షకు పోవు పిల్ల హాల్‌టిక్కెట్టును కూడ తండ్రియే పట్టుకొని నిలుచుచున్నాడు.

మేనకోడలు: దుర్గాబాయి పేరెత్తినందుకు సంతోషము. ఆ చరిత్రను కొంచెము ముందునుండి చెప్పుడు. ఎనిమిదేండ్లకు పెద్దలు ఆమెకు పెండ్లి చేసిరి. పన్నెండేండ్లనాడు ఇంగ్లీషు చదువు వద్దని బడి విడిచెను; హిందీ నేర్చి తోడి స్త్రీలకు నేర్పుటకు పాఠశాల పెట్టెను. యుక్తవయస్సు రాగానే ఆ పెండ్లి తనకు సమ్మతము కాదని, తండ్రి మద్దతుతో విడివడెను. పెద్దలిచ్చిన చదువును కాదన్న తరువాతనే మామయ్యా, ఆ ద్వారమువద్ద నిలిచినది. ఆ పని ఆమె ఎన్నుకొన్న పని. స్వాతంత్ర్యోద్యమములో జైలుకు పోయి వచ్చిన పిదప మరల చదువునకు పూనుకొని, మెట్రిక్యులేషను మొదలుకొని ఎం.ఏ. వరకు నడచి, మదరాసులో న్యాయశాస్త్రము చదివెను. పదునారేండ్లకే ఆమె చేత ఎవరైన ఒక దరఖాస్తు నింపించి, ‘ఇదియే నీ త్రోవ, ఇక మార్చుటకు వీలులేదు’ అనియుండినచో రాజ్యాంగసభలో ఆ మహనీయురాలు ఉండెడిదా?

ఇచట మేనమామగారు కొంతసేపు ఏమియు మాటలాడలేదు. నాకు తోచినదేమనగా, ఆ ఒక్క జీవితమును ఇరువురును రెండు కొసలనుండి పట్టుకొనియున్నారు. ఎవరు పట్టుకొన్న కొసయు అబద్ధము కాదు. నమ్మి పని యప్పగించిన పెద్దలు లేనిచో ఆ బాలిక ద్వారమువద్ద నిలిచియుండదు. కాదనుటకు చోటిచ్చిన తండ్రి లేనిచో ఆమె రాజ్యాంగసభకు చేరియే యుండదు.

మేనమామ: సరే, ఎన్నుకొన్న పని యనుము. కాని తెలియదనువాడు ఎన్నుకొనుట లేదు కదా. తెలియదనుట తప్పించుకొనుట. నా బడిలో ఎందరినో చూచితిని. ప్రశ్న కష్టముగా నున్నప్పుడు ‘తెలియదండీ’ అని కూర్చుండువాడు ఆలోచించుట మానినవాడే.

మేనకోడలు: అట్టివారు నా యెదుటకు కూడ వచ్చుచుందురు; వారి మాట వేరు. నేను భయపడునది వారిని గూర్చి కాదు. ‘తెలుసును’ అని తడుముకొనక చెప్పువారిని గూర్చి. జేమ్స్ మార్షియా అను పండితుడు 1966లో ఈ వయస్సువారి స్థితులను నాలుగుగా విభజించి చూపెను. వానిలో ఒకటి, వెదకుట యన్నది లేకయే నిశ్చయమునకు వచ్చినవారిది. తల్లిదండ్రులు చెప్పినది తలదాల్చి, అది తమదే యనుకొందురు. పైకి చూచువారికి వీరివలె స్థిరమైన పిల్లలు లేరనిపించును. మన తెలుగుదేశమున ఆ స్థితిలోనికి పిల్లలను లక్షలకొలది పంపుచున్నాము. తొమ్మిదవ తరగతి దాటునప్పటికే కళాశాలల పీఆర్వోలు ఇండ్లచుట్టు తిరుగుదురు. ఇప్పుడే సీటు నిలుపుకొన్నచో రుసుములో తగ్గింపు అందురు. తండ్రి అడ్వాన్సు కట్టివేయును. పదవ తరగతి పరీక్ష వ్రాయకమునుపే ఆ పిల్ల ఇంజనీరో డాక్టరో అయిపోవును. జూనులో పెట్టె సర్దుకొని హాస్టలునకు పోవును. తెల్లవారుజామున లేపుదురు, రాత్రి పదింటికో పదకొండింటికో స్టడీ అవర్సు ముగియును, వారాంతపు పరీక్ష మార్కులనుబట్టి సెక్షను మారును. తండ్రి ఫోనుచేసి మొదట అడుగునది ‘ఏ సెక్షను’ అని. రెండేండ్లు ఆ పిల్ల పాట పాడునో, బొమ్మ గీయునో, ఎవరితో నవ్వునో, దేనికి భయపడునో అడుగువారు లేరు.

మేనమామ: కష్టపడి చదువుట తప్పా?

మేనకోడలు: కష్టము తప్పు కాదు. నేను చెప్పునది వినుడు. నాకడకు వచ్చిన ఒక బాలిక, మంచి మార్కులు వచ్చుచుండిన బాలిక, ఒక పరీక్షలో వెనుకబడి క్రింది సెక్షనునకు పోయినది. ఏడ్వలేదు. ‘మేడమ్, నేను బాగా చదివే అమ్మాయిని అని అందరూ అంటారు. ఇప్పుడు అది కూడా కాకపోతే నేనేమిటి?’ అని అడిగినది. ఆ ప్రశ్నను మీరు ఎవరికిని అక్కరలేనివారి ప్రశ్న అంటిరి. ఆమె ఇంటిల్లిపాదికిని కావలసిన పిల్ల. కాని ఆమెకు మనమిచ్చిన రూపము ఒక్కటే. అది విరిగిన నాడు నిలుచుటకు రెండవది లేదు. ఫలితములు వచ్చిన ప్రతి వేసవిలోను పత్రికలలో మనము చదువు చావులు, మామయ్యా, మార్కులు తక్కువైనందున సంభవించినవని వ్రాయుదురు. మార్కులు తప్ప మరేమియు తాము కామని ఆ పిల్లలు నమ్మినందున సంభవించినవని నా నమ్మకము. వారికి ఆ నమ్మకము కలిగించినవారము మనమే.

మేనమామ: ఆ పిల్ల యిప్పుడెట్లున్నది?

మేనకోడలు: బాగుగనే యున్నది. తల్లిని పిలిపించితిమి. ఇంటికి తీసికొనిపోయి ఒక నెల దగ్గర నుంచుకొనెను. మరల వచ్చి చదివినది. అందరి తల్లులకు ఆ కబురు సకాలమున అందదు.

మేనమామ: గురజాడవారి ‘కన్యాశుల్కము’లోని వెంకటేశము గుర్తుకు వచ్చుచున్నాడు. బడిలో ఆ నాటకమును చెప్పినప్పుడెల్ల పిల్లలు గిరీశమును చూచి నవ్వెడివారు. నేనును గిరీశమునే బోధించితిని, వెంకటేశమును ఎన్నడును ఆగి చూడలేదు. వాడు పరీక్ష తప్పినవాడు. ఆ మాట తండ్రికి చెప్పుటకు వానికి గుండె చాలలేదు. ఆ భయమును ఆసరాగా చేసికొని గిరీశము వానివెంట ఊరికి బయలుదేరెను. తండ్రికి చెప్పుకొనగలిగియుండినచో గిరీశముతో వానికేమి పని? 1897లో అచ్చైన పుస్తకము. ఆ భయము నేటికిని పోలేదన్నమాట.

మేనకోడలు: పోలేదు, గిరీశములు మాత్రము ఎక్కువైరి. అర్ధరాత్రి ఫోనులో పలుకరించి, ‘నీవెవరివో నేను చెప్పెదను’ అనువారు వేలకొలది యున్నారు. కులము పేర, హీరో పేర, మతము పేర పిల్లలను పిలిచి, ఒక జెండా చేతికిచ్చి, ‘ఇదియే నీవు’ అనుచున్నారు. ఒంటరిగానున్నప్పుడు పెద్దవారితో సమానముగా జాగ్రత్తపడు బాలుడు, తన యీడువారు ప్రక్కనున్నప్పుడు ఎక్కువ తెగింపు చూపునని 2005లో వెలువడిన ఒక ప్రయోగము తెలుపుచున్నది. ఇంటిలో తన ప్రశ్నకు చోటు దొరకని పిల్లవాడు ఆ సమాధానమును గుంపులో తెచ్చుకొనును.

మేనమామ: అందుకే పని యియ్యుమనుచున్నాను! గుంపులోనికి పోవువాడు అచట తనకొక పని దొరకునని పోవుచున్నాడు. జెండా కట్టుట, బైకు ర్యాలీలో ముందుండుట, రాత్రి బ్యానరు కట్టుట. వానికి అచట ఒకడు ‘తమ్ముడూ, నీవు లేనిదే జరుగదు’ అనుచున్నాడు. ఇంటిలో ఆ మాట అన్నవాడు లేడు. మన చట్టములు కూడ ఈ వయస్సువానితో ఒక మాటమీద నిలువలేదు. పదునాలుగు దాటినవాడు ప్రమాదము లేని పనులకు కూలికి పోవచ్చును. పదునారేండ్లకు గేరులేని చిన్నబండికి లైసెన్సిత్తురు. ఘోరనేరము చేసినచో పదునారేండ్లవానిని పెద్దవారితో సమానముగ విచారింపవచ్చునని 2015 చట్టము వీలు కల్పించినది. ఓటునకు పదునెనిమిది కావలెను, 1989 వరకు అదియు ఇరువదియొకటి. మగవాని పెండ్లికి నేటికిని ఇరువదియొకటి.

మేనకోడలు: చట్టము ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. ఇంటికి ఆ యిబ్బంది లేదు. ఒక్కొక్క యేడు ఒక్కొక్క తలుపు తెరువవచ్చును. కాని మనము చేయుచున్నదేమి? జీవితమంతకు సరిపడు నిర్ణయమును పదునైదేండ్లకు వాని పేర మనమే చేసివేయుచున్నాము. ఆ పైన పాతికయేండ్లవరకు ఒక చిన్న బాధ్యతను కూడ వాని చేతికి ఇచ్చుట లేదు. మీరు రెండవ తప్పును చూచి కోపపడుచున్నారు, నేను మొదటిదానిని చూచి ఏడ్చుచున్నాను.

మేనమామ: రెండును ఒకే యింట జరుగుచున్నవి. వానిని పిలువుము.

బాలుడు మేడ దిగి వచ్చెను. తాతగారు వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ‘ఏమి తెలియదురా నీకు? చెప్పు’ అని అడిగిరి. వాడు కొంత జంకి, ఈ విధముగా చెప్పెను: ‘లెక్కలు వస్తాయి తాతయ్యా. ఇష్టమో కాదో తెలియదు. ఎంపీసీలో చేరిన మా సీనియర్ అన్నలు సెలవులకి ఇంటికి వస్తే ఎవరితోనూ మాట్లాడటం లేదు. నేనూ అలా అయిపోతానేమోనని భయం. అందుకే తెలియదన్నాను.’ అంతకుముందు ఒక గంటనుండి వానిని గూర్చి మాటలాడినవారిలో ఎవరికిని ఈ సంగతి తెలియదు. వానిని ఎవరును అడిగియుండలేదు. ఆ ‘తెలియదు’ అను మాటలో సోమరితనము లేదు, తన కండ్లతో చూచినదానిని గూర్చిన ఆలోచన యున్నది.

మేనమామ: ఎల్లుండి దింపు ఉన్నది. దింపువాండ్ర కూలి, కాయల లెక్క, కొనుగోలుదారుతో బేరము, పద్దు, అన్నియు నీవే చూడవలెను. లెక్క తప్పినచో నష్టము నాది, కాని నీవే వచ్చి నాకు చెప్పవలెను. చేసెదవా?

బాలుడు చేసెదననెను. ‘కళాశాల సంగతి?’ అని తల్లి అడిగినది. ‘దింపు అయిన తరువాత వాడే చెప్పును, అంతవరకు ఎవరును వానిని అడుగవద్దు. సీటు పోయినచో పోనిమ్ము, అమలాపురములో కళాశాలలు లేవా?’ అని మేనమామగారు లేచిరి. పిల్లవానికి ఏదో ఒక పని చెప్పినంతనే అన్నియు కుదురుకొనునని ఆయన నమ్మకము. ఆ నమ్మకమును మేనకోడలు పూర్తిగా అంగీకరింపలేదు. వాకిటివరకు ఆమె ఇంకను ఏదో వాదించుచునే యుండెను.

ఈ వాదమును విన్న నాకు ఇంటర్మీడియటు గ్రూపును గూర్చిన భయము మనవారిలో ఉండవలసినదానికంటె ఎక్కువగా నున్నదనిపించినది. ఏ గ్రూపు చదివినవారైనను అయిదేండ్ల న్యాయశాస్త్రమునకు లాసెట్ వ్రాయవచ్చును. ఉపాధ్యాయ శిక్షణమునకు పోవచ్చును. డిగ్రీలో చరిత్రయో, అర్థశాస్త్రమో, తెలుగో ఎన్నుకొనవచ్చును. పదునైదేండ్లకు చేసిన ఎన్నిక పదునెనిమిదేండ్లకు మార్చుకొనదగినదే. మార్చుకొనుట పరాజయము కాదని పిల్లలకు చెప్పువారు ఇంటిలో ఉండవలెను.

ఈ వ్యాసమును చదువు తల్లిదండ్రులారా, మీ యింట పదవ తరగతి ముగించిన బిడ్డ యున్నచో, రుసుము కట్టుటకు ముందు ఆ బిడ్డను మీరు తలచుకొన్న హాస్టలునకు తీసికొనిపోయి, మీరు వెలుపల కూర్చుండి, అచట చదువుచున్న పిల్లలతో ఒక పూట స్వేచ్ఛగా మాటలాడనిండు. తిరిగివచ్చునప్పుడు ఆ బిడ్డ చెప్పినది వినుడు. అటుపిమ్మటనే సంతకము చేయుడు.